మా అత్తకు పది గ్రాముల రక్తం

మా అత్త చెంగమ్మ పొయ్యి ముందర తల తిరిగి పడిపోయింది. మొహాన నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి, మొదట సంగటి కుండ గురించి అడిగింది.

“కుండ పగల్లేదు గదా?”

“పగిలింది అత్తా,” అని నిజం చెప్పాను.

ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది.

మాది పుంగనూరు నుంచి సోమలకు పోయే దోవలో ఒక పల్లె. చెంగమ్మ మా నాయనకు చెల్లెలు. నేను పుంగనూరు బడిలో ఎనిమిదో తరగతి చదువుతుండగా చదువు మాన్పించి, తన కొడుకు మునికృష్ణకు చేసుకుంది. చిన్నప్పటి నుంచీ అత్తా అనే పిలుస్తుండడం వల్ల పెళ్ళయ్యాక పిలుపు మార్చుకునే పని పడలేదు. ఆమె పడిపోయిన నాటికి మా పాప సుజాతకు ఏడాది నిండింది. పాప తుమ్మితే నాకు జ్వరం వచ్చేది. పాపకు నీళ్ళు పోసేది అత్త, కడుపు ఉబ్బితే వాము నమిలి ఊదేది అత్త, నిద్రపుచ్చేది అత్త. నేను పక్కన నిలబడి భయపడేదాన్ని. ఆ ఇంట్లో నా పని అదే. కాబట్టి ఆమె పడినప్పుడు నాకు పుట్టిన దిగులులో సగం ఆమె కోసం, సగం నా కోసం.

అడగ్గా అడగ్గా తెలిసింది, ఏడాదిగా ఆమెకు నెలసరి ఆగకుండా పోతోందని. ఎవరికీ చెప్పలేదు. “ఒళ్ళు వేడి మే. మజ్జిగ తాగితే తగ్గుతాది,” అని తనకు తానే వైద్యం చేసుకుంది. ఎంత మజ్జిగ తాగిందో లెక్కలేదు. మొహం కూడా మజ్జిగ రంగుకే వచ్చింది.

మా మామ గోవిందప్ప, మా ఆయన, నేను, పాప, అందరం కలిసి ఆమెను బస్సులో మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ అత్త కింది కనురెప్పను బొటనవేలితో కిందికి లాగి చూసింది. నాలుక చూసింది, అరచేయి చూసింది, పక్కగదిలో పడుకోబెట్టి కడుపు నొక్కి చూసింది. వేలు గుచ్చి రక్తం తీయించింది. ఆ తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

“లోపల గడ్డ ఉంది. గర్భసంచి తీసేయాలి. కానీ ఇప్పుడు తీయను. రక్తం ఆరు గ్రాములే ఉంది. కనీసం పది కావాలి.”

మామ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. బంగారం లెక్క.

“ఆరు గ్రాములంటే అరతులం గదమ్మా. ఇంత మనిషిలో అరతులమేనా ఉండేది?”

“అది రక్తం మొత్తం కాదప్పా. రక్తంలో ఉండే ఎర్ర సత్తువకు కొలత. ఆపరేషన్ చేస్తే కొంత రక్తం పోతుంది. ఉన్నవాళ్ళకు అది లెక్క కాదు. ఈమెకు ఉన్నదే తక్కువ. మత్తు తట్టుకోలేదు, గుండె తట్టుకోలేదు, గాయమూ మానదు. ముందు రక్తం నింపుకుని రండి, తర్వాత కోస్తాను. అట్లని ఊరికే కాలం గడిపితే గడ్డ ఊరుకోదు.”

మామ అంతా అర్థమైనట్టు తల ఊపాడు. బయటికి వచ్చాక కొడుకును పక్కకు పిలిచి, “ఇంకా నాలుగు గ్రాములు కావాలంట. యాడ దొరుకుతాదో కనుక్కో,” అన్నాడు.

రక్తం పోవడం ఆగడానికి కొన్ని మాత్రలు, రక్తం పట్టడానికి ఒక పెద్ద సీసా నిండా ఎర్రటి ఇనుప మాత్రలు ఇచ్చారు. పూటకొకటి మింగాలి. కాఫీతో మింగకూడదు, నిమ్మకాయ నీళ్ళతో మింగాలి. రాగులు, ఉలవలు, ఆకుకూరలు, బెల్లం బాగా తినాలి. “సీసా పిల్లలకు అందనీయొద్దు. మిఠాయి అనుకుని మింగితే ప్రాణం మీదికి వస్తుంది,” అని డాక్టరమ్మ అన్నప్పటి నుంచి నా చెవిలో ఇంకే మాటా దూరలేదు.

ఒక్క మాట తప్ప. మగవాళ్ళు బయటికి పోయి, అత్త తన చెంబును ఎవరు పక్కకు జరిపారని ఆయాతో పోట్లాడుతుండగా, సిస్టరమ్మ నన్ను దగ్గరికి పిలిచి చెప్పింది. “మాత్రలు వేసుకుంటే దొడ్డికి నల్లగా వస్తుంది. భయపడొద్దని ఆమెకు చెప్పు. రాకపోతేనే అనుమానపడాలి.”

ఆ మాట నేను అత్తకు చెప్పలేదు. బస్సులో ఒక పక్క మామ, ఒక పక్క మా ఆయన. అవసరం వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాను.

ఇంటికి రాగానే సీసా ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య అయింది. గూట్లో పెడితే పాప అందుకుంటుందన్నాను. అటక మీద పెడితే ఎక్కుతుందన్నాను. పాపకు అప్పటికి గోడ పట్టుకోకుండా నిలబడటమే రాదు. చివరికి అత్త విసిగిపోయి, సీసాను తన పెండ్లిచీర ఉండే ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది. నా మనసు కుదుటపడింది. ఆ నిశ్చింత మాకు ఒక నెల నష్టం చేసింది.

అది పెరటాసి నెల. ఆ నెలంతా వెంకటేశ్వరస్వామి పేరు మీద మా ఇంట్లో మాంసం, గుడ్డు ముట్టం. కాబట్టి నా శక్తినంతా రాగి సంగటి మీద, ఉలవచారు మీద, మునగాకు మీద పెట్టాను. రోజూ చట్టినిండా వండేదాన్ని, రోజూ చట్టి ఖాళీ అయ్యేది. అత్త తింటోందని సంతోషపడ్డాను. మా ఇంట్లో వండింది నేనైనా వడ్డించేది అత్తే. ముందు మామకు, తర్వాత మా ఆయనకు, తర్వాత పాపకు, ఆ తర్వాత ఎవరైనా వస్తే వాళ్ళకు. అందరి చేతులూ కడిగాక మేమిద్దరం కుండ అడుగున ఉన్నది గీరుకుని తినేవాళ్ళం. మా అవ్వ కాలం నుంచీ అంతే. అందులో ఆలోచించాల్సింది ఏమైనా ఉందని నాకు తోచలేదు. మా ఆయన బుగ్గలు మాత్రం ఆ నెలలో నిండుకున్నాయి. పొలంలో ఎద్దుతో పాటు కాడి మోసేటట్టు ఉన్నాడని మా వీధి గంగులప్ప ఎగతాళి చేసేవాడు.

నెల కావస్తుండగా ఒకరోజు పక్కింటి రుక్మిణమ్మ నన్ను గడ్డివామి వెనక్కు పిలిచింది.

“మే విజయా, నువ్వు సదువుకున్న దానివి. ఒక మాట అడగతా, యెవురికీ చెప్పగాకు.”

“చెప్పను పిన్నమ్మా.”

ఆమె అటూ ఇటూ చూసింది. “నాకు చెంబు తీసుకుని వంక కాడికి పోతే నల్లగా వస్తాండాది. బొగ్గు మాదిరి. లోపల పేగులేమైనా కాలిపోతాండాయా?”

నా కడుపు కూడా తడుముకున్నాను. ఆమెకు ధైర్యం చెప్పి వస్తుంటే గంగులప్ప పెండ్లాం దారికి అడ్డం వచ్చింది. “విజయా, యెవురికీ చెప్పగాకు,” అని మొదలుపెట్టింది. పొద్దుగూకే లోపల వీధిలో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు నాకు అదే మాట చెప్పారు. మర్నాటికి అందరికీ అందరిదీ తెలిసిపోయింది.

ఇక ఊరుకుంటారా. గంగమ్మ గుడి పూజారి దాసప్పను పిలిపించి మా అరుగు మీద కూర్చోబెట్టారు. మగవాడి ముందర అసలు సంగతి ఎట్లా చెప్పడం. “ఆడోళ్లకి ఏదో అయ్యుండాది దాసప్పా. ఏం చేయాల?” అని మాత్రం అడిగారు. ఏమయిందని ఆయన కూడా అడగలేదు. అడగకుండానే చెప్పాడు.

“పోయిన జాతరలో అమ్మకి తక్కువ చేసినారు. అందుకే సూపిస్తాండాది. పెరటాసి పోతానే పొంగలి పెట్టి, యాటను కొట్టండి. తల నాకు.”

రుక్మిణమ్మ మా అత్త వైపు తిరిగింది. “చెంగమ్మక్కా, నీకెట్లుండాది?”

“నాకేమే? సుబ్బరంగా ఉండాను.”

“నల్లగా ల్యా?”

“లేదే.”

ఆడవాళ్ళందరూ మా అత్తను కొత్తగా చూశారు. “అక్కను అమ్మ ముట్టుకోల్య. సూడండి, ఒంట్లో రక్తం లేకపోయినా ముట్టుకోల్య,” అంది గంగులప్ప పెండ్లాం. అప్పటికప్పుడు తీర్మానం అయిపోయింది, మొదటి పొంగలి కుండ చెంగమ్మే ఎత్తాలని. అత్త కొంగు సర్దుకుని, “సరే, యేం చేస్తాం, మీరంతా అంటాండారు,” అంది. ఆ రోజు ఆమె నడక కూడా మారింది.

నేను పాపకు బువ్వ పెడుతూ ఇదంతా వింటున్నాను. సిస్టరమ్మ చెప్పిన మాట అప్పుడు గుర్తుకు వచ్చింది. నల్లగా రావాల్సిన మనిషి ఒక్కతే. ఆమెకు తప్ప వీధిలో అందరికీ వస్తోంది.

అయితే ఆ విషయం అత్తను ఎట్లా అడగాలి? ఏ కోడలూ ఏ అత్తనూ అడగని మాట అది. వాళ్ళంతా పోయాక పాపను ఎత్తుకుని వంటింట్లోకి పోయాను. ఆమె పొయ్యి ముందర కూర్చుని సంగటి కెలుకుతోంది.

“అత్తా.”

“ఏం మే.”

“డాక్టరమ్మ నిన్నొక మాట అడగమనింది.”

“ఆమె మదనపల్లెలో ఉండాది. ఎప్పుడు అడగమనింది?”

“పోయినప్పుడే. నేను మర్చిపోయినా.”

“అడుగు.”

“నీకు రంగు ఎట్లుండాది?”

“ఏం రంగు?”

పాప జుట్టు సరిచేశాను. సరిగానే ఉన్న జుట్టు. “వంక కాడి రంగు.”

కెలికే చేయి ఆగింది. “ఇందుకేనా మా అన్న నిన్ను ఎనిమిది దాకా సదివిచ్చింది?”

“నల్లగా రావాల అత్తా. ఆ ఎర్ర మాత్రలు మింగితే నల్లగా వస్తాదంట. సిస్టరమ్మ చెప్పింది. వీధిలో అందరికీ వస్తాండాది. నీకే రాల్య.”

ఆమె మళ్ళీ సంగటి కెలకడం మొదలుపెట్టింది.

“పెట్టె తీ అత్తా.”

“సంగటి అడుగంటతాది.”

“అంటనీ. పెట్టె తీ.”

పెండ్లిచీర కింద నుంచి సీసా బయటికి వచ్చింది. అడుగున పది మాత్రలు కూడా లేవు. నేను కింద కూలబడ్డాను.

“పంచినావా?”

“పంచినా. ఏమిప్పుడు?” అని అత్త గట్టిగానే మొదలుపెట్టింది. “మొదటి రెండు దినాలూ మింగినా. మూడో దినం రుక్మిణి వచ్చె. మొగం సూస్తే సున్నం కొట్టినట్లుండాది. నాలుగు ఇచ్చినా, అయిపోతానే మళ్ళా ఇచ్చినా. గంగులప్ప పెండ్లాం మూడో కాన్పు నుంచీ లేచి నిలబడల్యాక ఉండాది, దానికి ఇచ్చినా. అది పోయి వాళ్ళ యారాలికి, పెద్దకోడలికి చెప్పె. ఈ యీదిలో ఒక్క ఆడదానికన్నా మొగం ఎర్రగా ఉందా, నువ్వే చెప్పు. అందరూ అట్లుంటే నేనొక్కదాన్నే మింగేదానికి గొంతు దిగతాదా?”

“వాళ్ళ ముందర యాల మింగతావు? తలుపేసుకుని మింగు.”

“దాచిపెట్టుకుని తినేది మా ఇంటా వంటా లేదు.”

“పంచేదానికి అవేమన్నా పసుపు కుంకమా అత్తా?”

“పసుపు కుంకమైతే రవ్వంతే ఇస్తుంటి. మందు గాబట్టి చేతినిండా ఇచ్చినా.”

నాకు ఏడుపు వచ్చింది. “నీకు రక్తం పట్టకపోతే కోయరు. కోయకపోతే ఆ గడ్డ నిన్ను తినేస్తాది. నువ్వు పోతే నా బిడ్డకి నీళ్ళు యెవురు పోస్తారు?” అన్నాను. నా మనసులో ఉన్నదాంట్లో అదే ముందు బయటికి వచ్చింది. అత్త కొంగుతో నా ముక్కు తుడిచింది. అప్పటికి సంగటి అడుగంటింది.

సంగతి తెలిశాక వీధి ఆడవాళ్ళు ఒక పూట సిగ్గుపడ్డారు. రెండో పూటకు రుక్మిణమ్మ మెల్లగా వచ్చింది. “అయితే అవి అయిపోయినాయా? నాకు బాయికాడ నీళ్ళు తోడితే ఆయాసం వస్తాండె. ఇప్పుడు రాల్య.” దాసప్ప మాత్రం యాట సంగతి ఏమయిందని వారం రోజులు తిరిగాడు. ఎందుకు మానుకున్నారో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మళ్ళీ మదనపల్లె పోయాం. అత్త రక్తం ఆరున్నర ఉంది. అరగ్రామే పెరిగింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కోపంగా చూసింది. నేను జరిగిందంతా చెప్పాను, వంక దగ్గరి సంగతితో సహా. మామ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. డాక్టరమ్మ ముందు తిట్టడానికే నోరు తెరిచింది. గంగమ్మ పొంగలి దగ్గరికి వచ్చేసరికి బల్ల మీదికి వంగి నవ్వింది. సిస్టరమ్మ గది బయటికి పోయి నవ్వింది.

నవ్వు తగ్గాక డాక్టరమ్మ, “నువ్వు ఇట్లా రా,” అంది. నన్ను. నా కనురెప్ప కిందికి లాగింది. నా వేలు కూడా గుచ్చారు. ఏడున్నర.

“బిడ్డకు పాలిస్తున్నావా? ఏం తింటున్నావు నువ్వు?”

“అందరూ తిన్నాక తింటానమ్మా.”

“ఎప్పుడు తింటావని కాదు. ఏం తింటావని అడిగాను.”

చెప్పడానికి చూసుకుంటే, ఆ నెలంతా వండిన ఉలవలూ మునగాకూ నా విస్తట్లో ఎప్పుడు పడ్డాయో గుర్తుకు రాలేదు. డాక్టరమ్మ మా ఆయన బుగ్గల వైపు చూసింది. ఆపరేషన్ నాటికి ఒక సీసా రక్తం ఎవరో ఒకరు ఇవ్వాలి కదా, ఆయనదీ చూడమంది. పదిహేనున్నర. గ్రూపు కూడా కలిసింది.

“గోవిందప్పా, మీ ఇంట్లో రక్తం కొరతేమీ లేదు. అంతా ఈ అబ్బాయి దగ్గరే ఉంది,” అంది.

మా ఆయన ముందు సంతోషపడ్డాడు. అది మెచ్చుకోలు కాదని కాసేపటికి తెలిసి తల వంచుకున్నాడు. ఒక సీసా తీస్తారని తెలిసి కుర్చీ వెతుక్కున్నాడు.

డాక్టరమ్మ ఈసారి రెండు సీసాలు ఇచ్చింది, ఒకటి అత్తకు, ఒకటి నాకు. “ఒకరి ముందర ఒకరు మింగండి. ఈమె మింగకపోతే నువ్వు మింగొద్దు, నువ్వు మింగకపోతే ఈమె మింగదు. చివరికి మిగిలింది తినడం మానండి. ఇద్దరూ ఒకే వేళకు కూర్చుని ముందు తినండి. మగవాళ్ళు ఆగితే ఏమీ కాదు. వీధిలో వాళ్ళను పుంగనూరు ఆసుపత్రికి పొమ్మనండి, వాళ్ళ మాత్రలు వాళ్ళకు ఇస్తారు.”

వీధి ఆడవాళ్ళు పెండ్లికి పోయినట్టు తలలు దువ్వుకుని పుంగనూరు బస్సెక్కారు. మా ఇంట్లో ముందర తినడం మాత్రం అంత సులభంగా జరగలేదు. మొదటిరోజు అత్త ముద్ద చేతిలో పట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చుంది, దొంగతనం చేసినట్టు. మామ వచ్చి, “కానీండి, కానీండి,” అని బయటికి పోయి, మళ్ళీ వచ్చి, “అయిందా?” అన్నాడు. “ఇట్ల నిలబడుకుని సూస్తే యెట్ల తినేది? పో,” అంది అత్త. పెండ్లయినప్పటి నుంచి ఆమె ఆయన్ను పొమ్మనడం అదే మొదలంట. మా ఆయన ఒకరోజు తానే వడ్డించుకోబోయి ఉలవచారు అనుకుని కుడితి పోసుకున్నాడు.

కాఫీ మానడం ఇంకా కష్టమైంది. మాత్రకూ కాఫీకీ మధ్య ఎంత సేపు ఆగాలని అత్త రోజూ అడిగేది. ఎండ అరుగు మీది రెండో రాయి దాకా వస్తే తాగొచ్చని చెప్పాను. ఆమె రాయినే చూస్తూ కూర్చునేది. పెరటాసి అయిపోయింది. మామ సంత నుంచి మేక కార్జం తెచ్చాడు. “కార్జం వేయించి మామకు పెట్టు,” అంది అత్త. నేను ఆమె కళ్ళలోకి చూశాను. “సరే, ఇట్లా తే,” అంది.

మరో రెండు నెలలకు ఆమె రక్తం పదిని దాటింది. నాది కూడా. డాక్టరమ్మ ఆపరేషనుకు రోజు చెప్పింది.

ఆ పొద్దున మా ఆయన రక్తం ఇచ్చి వచ్చాడు. ఆసుపత్రి ఎదురుగా ఉన్న కాఫీ అంగడిలో అందరికీ ఆ మాట చెప్పాడు. అంగడాయన కాఫీ ఊరికే ఇచ్చేసరికి పక్క అంగడిలో కూడా చెప్పాడు.

లోపలికి తీసుకుపోయే ముందు అత్త ముక్కుపుడక, గాజులు తీసి నా చేతిలో పెట్టింది. తలుపు దగ్గర తిరిగి చూసి, “పాపకి నీళ్ళు పోసేటప్పుడు చెవుల్లోకి పోనీయగాకు. ఎడమ చేత్తో మూయాల,” అంది. నేను తల ఊపాను. ఆమెకు భయంగా ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు. భయపడే పని ఇంట్లో నాదే అనుకుంటూ వచ్చాను. తలుపు మూశారు. పాపను ఎత్తుకుని ఆ వరండాలో ఎంత నడిచానో తెలియదు. మామ బెంచీ మీద కూర్చుని, ఆరు, ఆరున్నర, పది అని తనలో తాను అనుకుంటున్నాడు.

డాక్టరమ్మ బయటికి వచ్చి మాస్కు కిందికి లాగింది. “బాగుంది. కొంచెం ఎక్కువే పోయింది, మీ అబ్బాయిది ఎక్కించాం. మూడు నెలల కిందట కోసి ఉంటే నేను ఇప్పుడు మీతో ఇట్లా మాట్లాడేదాన్ని కాదు,” అంది. మామ బెంచీ మీద నుంచి లేచి ఆమెకు దండం పెట్టాడు. నేను పాప వీపు మీద మొహం పెట్టుకున్నాను.

ఇంటికి పంపేటప్పుడు మళ్ళీ చూస్తే రక్తం ఎనిమిదిన్నరకు దిగింది. “ఆపరేషన్ అయిపోయిందని మానొద్దు. ఇంకో మూడు నెలలు మాత్రలు. గుడ్లు, ఆకుకూరలు, అన్నీ పెట్టండి. పథ్యం గిథ్యం వద్దు,” అని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. నేను సరేనన్నాను. కుప్పం దగ్గర గుడుపల్లెలో మాకు ఒక పెద్దత్త ఉందన్న సంగతి ఆమెకు తెలియదు.

మా అత్తకు అక్క ఆమె, పేరు రెడ్డెమ్మ. ఎనిమిది కాన్పులూ రెండు ఆపరేషన్లూ చూసిన మనిషి. మేము ఇంటికి చేరేసరికి ఆమె రెండు బస్సులు మారి, ఒక సంచి తెల్లగడ్డలతో వచ్చి కూర్చుని ఉంది. వచ్చీ రాగానే వంటింటిని తన చేతిలోకి తీసుకుంది. ఆకుకూర తింటే కుట్లు చీము పడతాయంది. గుడ్డు వాతమంది. చెనిక్కాయలు దురదంది. ఒళ్ళు కోసిన మనిషికి వేయించిన ఉప్పు, తెల్లగడ్డ కారం, మెత్తటి అన్నం, అంతే.

“పెద్దత్తా, డాక్టరమ్మ అన్నీ తినమనింది.”

“సుమ్మనే ఉండు మే. ఆమె కోసింది, ఆమె పని అయిపోయింది. మాన్పించేది నా పని.”

మాత్రలు కూడా వేడి అని గూట్లో వెనక్కు తోసింది. మా అత్త వీధి మొత్తాన్నీ ఆడించగలదు కానీ అక్క ముందర నోరెత్తదు. మూడు రోజులు ఆ కారం అన్నమే తింది. మామకు మాత్రం ఇది బాగా కుదిరింది. వదిన వచ్చాక వేళకు ముందుగా ఆయన కంచమే పెట్టేది. పాత రోజులు వచ్చాయని సంబరపడ్డాడు.

నాలుగో రోజు అత్త గోడ పట్టుకుని లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయింది. మొహంలో ఆ మజ్జిగ రంగు కనిపించింది. ఇన్ని నెలలు పట్టి పట్టి నింపింది, తెల్లగడ్డ కారానికి పోతుందా అనిపించింది.

ఆ మధ్యాహ్నం పెద్దత్త పెరట్లో ఉండగా సంగటి కెలికాను, కందిబేడలేసి ఆకుకూర వండాను, గుడ్లు ఉడికించాను. రెండు కంచాల్లో పెట్టి, ఒకటి అత్త ముందర, ఒకటి నా ముందర పెట్టుకుని కూర్చున్నాను. పెద్దత్త వచ్చి చూసింది.

“ఎవురికే ఇది?”

“మా ఇద్దరికీ.”

“దానికి పథ్యం. నువ్వు తిను.”

“అత్త తింటే తింటా.”

“తినదు.”

“అయితే నేనూ తినను.”

“పాలిచ్చే దానివి, కడుపు ఎండబెట్టుకుంటే బిడ్డ గతేం కాను?”

“నాకూ అదే భయంగా ఉండాది పెద్దత్తా,” అన్నాను. అది నిజమే. అత్తకు తప్ప ఆ ఇంట్లో పెద్దవాళ్ళెవరికీ నేను ఎదురు చెప్పడం అదే మొదలు. ఎట్లా చెప్పాలో కూడా తెలియక కంచం వైపే చూస్తూ కూర్చున్నాను. సంగటి చల్లారుతోంది. పాప వచ్చి నా ఒళ్ళో పడి ఏడుపు మొదలుపెట్టింది. నేను కదల్లేదు.

మా అత్త పాపను చూసింది, నన్ను చూసింది, అక్కను చూసింది.

“అక్కా, ఇది మన అన్న కూతురు. మన ఇంటి మొండితనమే. పొద్దుగూకే దాకా ఇట్లనే కూసుంటాది,” అంది. కంచం దగ్గరికి లాక్కుంది. “కుట్లు చీము పడితే నన్ను తిట్టు. దాని పాలు ఎండిపోతే నేను యెవుర్ని తిట్టాల?”

ముద్ద నోట్లో పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. పెద్దత్త నడుము మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని చూసింది. తర్వాత గరిటె తీసుకుని చెల్లెలి కంచంలో ఇంకొంత ఆకుకూర వేసింది.

“తినేదే అయితే సరిగ్గా తినండి. ఉప్పు తక్కువేసినావు మే.”

“నువ్వూ కూసో అక్కా.”

“నేను కడాన తింటాలే. మొగోళ్లు ఇంకా రాల్య.”

అత్త ఎడమ చేయి చాచి, అక్క మొహాన్ని దగ్గరికి లాక్కుని, బొటనవేలితో కనురెప్ప కిందికి లాగి చూసింది. చాలాసేపు చూసింది.

“కూసో,” అంది.

ఆ గొంతులో ఏముందో గానీ పెద్దత్త కూర్చుంది. నేను లేచి మూడో కంచం పెట్టి, గూట్లో వెనక్కు పోయిన మాత్రలు ముందుకు తెచ్చాను. పెద్దత్త గుడ్డును రెండుగా తుంచి, సగం నా వైపు తోయబోయి, అత్త చూపు చూసి, రెండు సగాలూ తానే తింది.

మామ పొలం నుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుంటూ, తన కంచం ఉండే చోటికి నేరుగా నడిచి వచ్చి ఆగాడు. ముగ్గురు ఆడవాళ్ళం వరసగా కూర్చుని తింటున్నాం.

“వదినా, నువ్వూనా?” అన్నాడు.

పెద్దత్త నోట్లో ముద్ద ఉంది.

“ఇంకా సేపవతాదా?” అని భార్యను అడిగాడు.

“అవతాది,” అంది అత్త.

మామ ఏం చేయాలో తోచక, కడుక్కుని వచ్చిన కాళ్ళనే మళ్ళీ పోయి కడుక్కున్నాడు.